కాలనీలో పెద్దల కోసం భవనమా? ముందు బాత్రూమ్ సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ: పార్కు పక్కన మూడు వందల గజాల ఖాళీ స్థలం ఉంది, అసోసియేషన్ దగ్గర కొంత డబ్బు పోగైంది, సీనియర్ సిటిజన్ల కోసం రెండంతస్తుల భవనం కడితే అందులో ఏమేం పెట్టాలి అని. నన్నడిగితే పై అంతస్తు మాటే వద్దు. కింది అంతస్తు మాట కూడా చివర్లో చూసుకోవచ్చు.

ఇలాంటి భవనాలకు పట్టే గతి దాదాపు ఒకటే. కరెంటు బిల్లు ఎవరో ఒకరు కట్టాలి కాబట్టి కింది హాలు సీమంతాలకీ పుట్టినరోజులకీ అద్దెకు పోతుంది. పెద్దవాళ్ల గది మేడ మీదికి చేరుతుంది. మోకాళ్లు అరిగినవాళ్లు మెట్లెక్కరు. ఏడాది తిరిగేసరికి అక్కడ మిగిలేది నలుగురు మగవాళ్లు, ఒక క్యారమ్ బోర్డు, వినాయక చవితి మండపం సామాను.

ఇంకో మాట. ఆ స్థలం లేఅవుట్‌లో పార్కుకని వదిలిందే అయితే కట్టడం జోలికి పోకముందే మున్సిపాలిటీలో లేఅవుట్ కాపీ తీసి చూడండి. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కి ఇస్తే 1991లో సుప్రీంకోర్టు చెల్లదు పొమ్మంది. ఆసుపత్రికే చెల్లనిచోట క్లబ్బుకి చెల్లుతుందా?

ఇంజనీరుతో ప్లాను గీయించే ముందు ఒక పని చెయ్యండి. చేతికర్రతో నడిచే పెద్దాయన ఒకరు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒకరు, చూపు మందగించినవారు ఒకరు, ఈ ముగ్గురినీ సాయంత్రం ఆరింటికి, బళ్లు బాగా తిరిగే వేళ, వాళ్లవాళ్ల గుమ్మం నుంచి పార్కుదాకా నడవమనండి. మీరు సుద్దముక్క, టేపు పట్టుకుని వెనక నడవండి. ముందు నడిస్తే మీ వేగాన్ని అందుకోవాలని చూస్తారు, అసలు ఇబ్బంది బయటపడదు. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ గీత గీయండి. మొదటి గీత పక్కింటి గేటు ముందే పడుతుంది. కారు ఎక్కడానికి వేసుకున్న ర్యాంపు మూడడుగులు రోడ్డు మీదికి వచ్చి ఉంటుంది, దాన్ని తప్పించుకోవాలంటే పెద్దావిడ నడిరోడ్డుకి రావాల్సిందే. రెండోది కాలువ మీద కదిలే బండ దగ్గర. మూడోది మెయిన్ రోడ్డు దాటేచోట. ఆ వయసులో చాలామంది సెకనుకి 0.8 మీటరుకి మించి నడవలేరు. నలభై అడుగుల రోడ్డు దాటడానికి పదిహేను సెకన్లు పడుతుంది, అంతసేపు ఏ బైకూ ఆగదు. అక్కడ కావలసింది వెడల్పాటి స్పీడ్ బ్రేకరు, దాని మీదే జీబ్రా గీతలు. మామూలు ఇరుకు స్పీడ్ బ్రేకరు వేస్తే దాని వాలు మీదే కాలు మడతపడుతుంది. ఇక ఆఖరి గీత పార్కు గేటు దగ్గర. ఆవులూ బైకులూ దూరకుండా మెలికలు తిప్పి ఇనుప పైపులు పాతుతారు చూడండి, వాకరుతో వచ్చిన మనిషి అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతాడు. ఎటు కొలిచినా మూడడుగుల దారి దొరికేలా ఆ పైపులు జరిపించండి. వెల్డింగు మనిషికి ఒక పూట పని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బాత్రూమ్ లేని పార్కుకి పెద్దవాళ్లు రారు, వచ్చినా అరగంట కూర్చోరు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవాళ్లు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఎంతమందో లెక్క వేసుకోండి. ఆడవాళ్లయితే బయటికి రావాలంటే మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వృద్ధులకు అనువైన నగరాల మీద ఒక మార్గదర్శిని తెచ్చింది. దానికోసం 33 నగరాల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగారు, మన ఢిల్లీ, ఉదయపూర్ కూడా అందులో ఉన్నాయి. బెంచీలు, శుభ్రమైన టాయిలెట్లు అందులో ముఖ్యమైన సంగతులే. మన కాలనీ తీర్మానాల్లో మాత్రం ముందు శిలాఫలకం వస్తుంది.

కట్టేటప్పుడు ముందుగా డ్రైనేజీ ఛాంబర్ లోతు కొలవండి. నాలుగంగుళాల పైపుకి ఐదడుగులకో అంగుళం వాలు కావాలి. ఛాంబర్ యాభై అడుగుల దూరంలో ఉంటే పది అంగుళాలు కిందికి పోవాలి. లోతు చాలకపోతే మేస్త్రీ చడీచప్పుడు లేకుండా బాత్రూమ్ నేల ఎత్తేసి గుమ్మం దగ్గర తొమ్మిదంగుళాల మెట్టు పెడతాడు, మీ పని అక్కడితో చెడింది. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపుకి ఆ మనిషే అడ్డం. గడియ బయటి నుంచి నాణెంతో తిప్పే రకం పెట్టండి. కమోడ్ సీటు నేల నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తులో ఉండాలి, పక్కగోడకి పట్టుకునే స్టీలు కడ్డీ ఉండాలి. తేలిక బ్లాకుల గోడకి ప్లాస్టిక్ ప్లగ్గులతో ఆ కడ్డీ బిగిస్తే ఎవరైనా బరువు వేసిన రోజున ఊడి చేతిలోకి వస్తుంది. ఆ మేరకు గోడలో కాంక్రీటు పోయించి బోల్టులు వేయించండి, ఇద్దరు కూలీలను వేలాడమని చూశాకే బిల్లు కట్టండి.

తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటే ఆ బాత్రూమ్ లేనట్టే. తెల్లవారుజామున ఐదున్నర నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరిచే ఉండాలి, రోజుకి రెండుసార్లు కడగాలి. కడిగే మనిషి జీతం మెయింటెనెన్సులో ఎవరి వాటా ఎంతో పునాది తవ్వక ముందే తీర్మానం రాయండి. ఫలకం ఖర్చు ఒక్కసారితో పోతుంది, జీతం నెలనెలా కట్టాలి. అందుకే దాతలకు మొదటిదే ముద్దు.

బెంచీలకూ దాతల బెడదే. పేరు చెక్కించిన గ్రానైటు బల్లకి వీపు ఆనించడానికి ఉండదు, చేతులుండవు, మే నెలలో కూర్చుంటే కాలుతుంది. కింద నిలువుబండలు అడ్డుంటే పాదాలు వెనక్కి జరగవు. పాదం మోకాలి కిందికి రాకుండా పెద్దవాళ్లు లేచి నిలబడలేరు, కావాలంటే మీరే కుర్చీలో ప్రయత్నించండి. పద్దెనిమిది అంగుళాల ఎత్తు, వీపు, సీటుకి ఏడెనిమిది అంగుళాల పైన చేతులు ఆనించే కడ్డీలు, కింద ఖాళీ, ఇంతే కావలసింది. పార్కులోనే కాదు, ఇళ్ల నుంచి వచ్చే దారిలో వంద మీటర్లకొకటి వేయండి. నీడకు కానుగ, వేప. నేరేడు దారి పక్కన వద్దు, పళ్లు రాలి జారుడుబండ అవుతుంది.

ఆక్యుప్రెషర్ ట్రాక్ అని గులకరాళ్లు పరిచి కాలనీలు తెగ మురిసిపోతాయి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు వాటి మీద వట్టికాళ్లతో నడిస్తే పుండు పడ్డ సంగతి కూడా తెలియదు. ఉంటే తీసేయండి. నడిచే దారికి ఆరడుగుల వెడల్పు, గరుకు బండ చాలు. పేవర్ బ్లాకులే వేస్తే రెండు అంచులా కాంక్రీటు కట్టు తప్పదు, లేకపోతే మొదటి వానాకాలానికే కింద ఇసుక కొట్టుకుపోయి బ్లాకులు లేస్తాయి. అర అంగుళం లేచినా చాలు, చూపు ఆననివాళ్లు తట్టుకుని పడతారు.

పిల్లల ఉయ్యాలలు బెంచీలకు కనుచూపులో ఉంచండి. నాయనమ్మలు, అమ్మమ్మలు సాయంత్రం ఖాళీగా ఉండరు, మనవలను చూసుకోవాలి. పెద్దల కోసమని వేరే మూల కేటాయిస్తే అది మగవాళ్ల మూల అయిపోతుంది.

ఇన్నీ అయ్యాక డబ్బు మిగిలితే ఒకే ఒక్క గది, నేలమట్టాన. పునాది అడుగున్నర ఎత్తు లేపితే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు లెక్కన ర్యాంపు పద్దెనిమిది అడుగులు కావాలి, మన మేస్త్రీలు ఆరడుగుల్లో ముగించి బైకు ఎక్కేలా కడతారు. వాననీళ్లు నిలవని చోటు చూసుకుని పునాది అరడుగుకి తగ్గించండి, అప్పుడు ఆ ఆరడుగులే సరిపోతాయి. పైన రేకులు, కింద నున్నటి టైల్స్ వేస్తే మాట మార్మోగి చెవి మిషన్ పెట్టుకున్నవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు, ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు కూడా జారతాయి. టీవీ వద్దు. చేతికి చుట్టే బీపీ మిషన్, ఒక రిజిస్టరు, గోడ మీద పెద్దక్షరాల్లో 108, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంచండి. దగ్గర్లోని బస్తీ దవాఖానాకో పీహెచ్‌సీకో వెళ్లి, వారంలో ఒక రోజు అక్కడి నర్సు (ఏఎన్ఎమ్) వచ్చేలా అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద అడగండి. ఫోన్లో అడిగితే ఆ వారానికే వస్తారు.