పెద్ద మడత చాకు కొన్న మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

నాలుగంగుళాల మడత చాకు కొన్నానని ఫోటో పెట్టి "ఎలా ఉంది మావయ్యా" అన్నావు. బాగుందిరా. స్పైడర్కో కంపెనీ మిలిటరీ 1996 నుంచి వస్తున్న మోడల్. నువ్వు కొన్నది రెండో రకం, తెరిచిన బ్లేడు మూసుకుపోకుండా ఆపే లాక్ మార్చి, పాత లైనర్ లాక్ బదులు కంప్రెషన్ లాక్ పెట్టింది. అంత బ్లేడు ఉండి కూడా నీ ఫోన్ కన్నా తేలికే, జేబులో ఉన్నట్టు తెలియదు. అసలు తలనొప్పి కూడా అదే, ఉన్నట్టు తెలియకపోతే మర్చిపోతావు, మర్చిపోయి వెళ్లకూడని చోటికి వెళ్తావు. కాబట్టి ముందు ఆ సంగతులే చెప్తాను, నీకు విసుగొచ్చినా సరే.

మన టెక్సాస్‌లో పెద్దగా భయం లేదు. 2017 సెప్టెంబర్ 1 నుంచి చట్టం మారింది, బ్లేడు అయిదున్నర అంగుళాలు దాటితేనే స్కూళ్లు, కోర్టులు, ఆసుపత్రులు లాంటి చోట్లకి తీసుకెళ్లకూడదు, అంతకు లోపుంటే ఆ జాబితా నీకు వర్తించదు. అలాగని ఎక్కడికైనా వేసుకుపోవచ్చని కాదు. స్కూలుకి స్కూలు రూలు ఉంటుంది, ఆఫీసుకి హెచ్‌ఆర్ రూలు ఉంటుంది. చాలా కంపెనీల హ్యాండ్‌బుక్‌లో ఆయుధాలు తేకూడదని ఒక లైను ఉంటుంది, అందులో చాకు వస్తుందా రాదా అని హెచ్‌1బీ మీద ఉన్నవాడు వాదన పెట్టుకోవడం అనవసరం. ఆఫీసు రోజున ఇంట్లో పెట్టి వెళ్లు.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఫెడరల్ ఆఫీసుల దగ్గర. అక్కడ రాష్ట్ర చట్టం కాదు, ఫెడరల్ చట్టం నడుస్తుంది, దాని లెక్క రెండున్నర అంగుళాలు. అంతకంటే చిన్న జేబు చాకు అయితేనే మినహాయింపు. గ్రీన్‌కార్డు బయోమెట్రిక్స్‌కి పోయేవాడు అపాయింట్‌మెంట్ నోటీసు, పాస్‌పోర్టు పదిసార్లు చూసుకుంటాడు గాని ప్యాంటు జేబుకి క్లిప్పుతో తగిలించిన చాకు సెక్యూరిటీ ట్రే ముందుకి వచ్చేదాకా గుర్తుకి రాదు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసైనా అంతే. అక్కడ ఏదైనా కేసు పడిందనుకో, అది ఒక్కరోజుతో పోయే గొడవ కాదు. గ్రీన్‌కార్డు ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా, నీ మీద ఏదైనా అభియోగం ఉందా అని అడుగుతారు, జవాబు రాయాల్సింది నువ్వే. రాత్రే ఆ చాకు తీసి బీరువాలో పెట్టు.

రాష్ట్రం దాటితే మళ్లీ మొదటి నుంచి చదువుకో. న్యూయార్క్ సిటీలో నాలుగంగుళాలు, ఆపైన ఉన్న చాకు పట్టుకుని బయట తిరగకూడదు, చిన్నదైనా బయటికి కనబడేలా పెట్టుకోకూడదు. నీది నాలుగుకి వెంట్రుకవాసి తక్కువ, ఆ వెంట్రుకవాసి గురించి సబ్‌వే మెట్ల మీద పోలీసుతో మాట్లాడాలని నీకు సరదాగా ఉందా? షికాగోలో జేబులో దాచుకునే చాకుకి హద్దు రెండున్నర. న్యూజెర్సీ ఎడిసన్‌లో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లి అక్కణ్ణుంచి టైమ్స్ స్క్వేర్ చూద్దామనుకుంటావుగా, ఆ ట్రిప్పుకి చాకు డాలస్‌లోనే ఉండాలి. ఎలాగూ విమానంలో చేతి సంచిలో పెట్టనివ్వరు, చెక్‌ఇన్ లగేజీలోనే వెయ్యాలి.

ఇక పార్టీలు. కేక్ కొయ్యడానికి ప్లాస్టిక్ చాకు దొరకలేదని నువ్వు జేబులోంచి ఇది తీసి ఒంటిచేత్తో టక్కున తెరిచావనుకో, పిల్లలు "వావ్" అంటారు, పిల్లల తల్లులు ఇంకోటి అంటారు, సాయంత్రానికల్లా అనంతపురంలో ఉన్న మా అక్కకి ఫోన్ వెళ్తుంది. తర్వాత ఆ ఫోన్ నాకొస్తుంది. ఆ చప్పుడు చెయ్యడం, టీవీ చూస్తూ తెరిచి మూసి తెరిచి మూసి ఆడటం, అదంతా మీ గదిలో ఒక్కడివే ఉన్నప్పుడు చేసుకో. పదిమందిలో తియ్యాల్సి వస్తే రెండు చేతులతో నిదానంగా తెరువు, పని అయ్యాక మూసి జేబులో పెట్టెయ్, ఎవరికైనా ఇవ్వాలంటే మూసే ఇవ్వు.

ట్రాఫిక్‌లో పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచు. చాకు ఉందా అని అడిగితే ఏ జేబులో ఉందో నోటితో చెప్పు, నువ్వు తీసి చూపించకు.

ఆత్మరక్షణకి పనికొస్తుందని షాపులో ఎవడో చెప్పాడన్నావు. నమ్మకు. పర్సు అడిగితే పర్సు ఇచ్చెయ్, పరిగెత్తే వీలుంటే పరిగెత్తు. దగ్గర్లో నిలబడి చాకు తీసినవాడు గెలిచినా ఓడినా కుట్లు పడతాయి, కేసు పడుతుంది. ఆ ఆలోచనతోనే కొన్నట్టయితే ఇంకా రిటర్న్ విండో ఉంది, తిరిగిచ్చెయ్.

మరి అంత పెద్ద బ్లేడు దేనికంటావా? అమెజాన్ డబ్బాలకైతే మూడంగుళాలు చాలు, నేను కూడా మామూలు రోజుల్లో చిన్నదే పెట్టుకుంటాను. పెద్దదాని విలువ తెలియాలంటే శనివారం డెంటన్ అవతల మన పొలానికి రా. గుండ్రటి గడ్డి బేలు చుట్టూ ప్లాస్టిక్ వల చుట్టి ఉంటుంది, వానకి తడిసి రాత్రి చలికి గడ్డితో కలిసి గడ్డకట్టుకుపోతుంది. చిన్న చాకుతో అయితే జానెడు జానెడు కోస్తూ పొద్దు గడుస్తుంది. పొడుగు బ్లేడు వల కిందికి దూర్చి, అంచు బయటివైపు ఉండేలా పట్టుకుని, కింద నుంచి పైకి ఒక్క లాగు లాగితే వల మొత్తం చొక్కా విప్పినట్టు విడిపోతుంది. డ్రిప్ పైపులు, మోకులు, తోట్లో పుచ్చకాయ, అన్నిటికీ బాగుంటుంది. దాణా బస్తాలకి మాత్రం చాకు వాడకురా, కుట్టు దారం సరైన వైపు నుంచి లాగితే మొత్తం అదే ఊడొస్తుంది, చాకుతో పొడిస్తే సగం దాణా నేలపాలు.

కోసేటప్పుడు రెండు మూడు సంగతులు. బ్లేడు పోయే దారిలో నీ తొడ, ఎడమచెయ్యి ఉండకూడదు. లాక్ ఉంది కదా అని బ్లేడు వీపు మీద సుత్తితో కొట్టడం, డబ్బా మూతలు పెకలించడం చెయ్యకు, ఎంత గట్టి లాక్ అయినా అది మడత చాకే. నీ కంప్రెషన్ లాక్‌లో ఒక సుఖం ఉంది, మూసేటప్పుడు వేళ్లు బ్లేడుకి అడ్డం రావు, లైనర్ లాక్ అయితే బొటనవేలు అడ్డంగానే ఉంటుంది. లాక్ సందులో గడ్డిపొట్టు, జేబు నూలు చేరితే సరిగ్గా కూర్చోదు, వారానికోసారి టూత్‌బ్రష్‌తో తుడిచి ఇరుసు దగ్గర ఒక్క చుక్క నూనె వెయ్యి. చెయ్యి జారిందా, పట్టుకోబోకు, పాదాలు వెనక్కి లాక్కో, మొన విరిగితే విరగనీ.

పదును గురించి అడిగావు కాబట్టి చెప్తున్నా. నీ బ్లేడు ఎస్30వి స్టీలు, అందులో నాలుగు శాతం వెనేడియం ఉంటుంది, ఆ వెనేడియం వల్ల స్టీలులో ఏర్పడే కార్బైడ్లనే గట్టి రేణువులు మామూలు సానరాయి కన్నా గట్టివి. అందుకే అమ్మమ్మ కత్తిపీట నూరే రాయి మీద ఎంతసేపు రుద్దినా విసుగే మిగులుతుంది. డైమండ్ ప్లేటు కొనుక్కో. అంచు పొడవునా నల్ల మార్కర్ పెన్నుతో గీసి, ఒక్కో వైపు ఇరవై డిగ్రీల దగ్గర పట్టి రెండు సార్లు లాగి చూడు. రంగు అంచు దాకా పోతే కోణం సరిపోయినట్టు, పైన మాత్రమే పోయి అంచున నలుపు మిగిలితే వీపు కాస్త లేపాలి. ఒకవైపు నూరుతూ ఉంటే అవతలి వైపు గోటికి తగిలేలా సన్నటి ఇనుప పొర లేస్తుంది, పొడవంతా అది లేచాకే రెండో వైపుకి మారు. ఆఖర్న తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ ఆ పొర తీసెయ్యి. పూర్తిగా మొద్దుబారేదాకా ఆగితే ఆదివారం మొత్తం దానికే పోతుంది, టమాటా తోలు మీద జారుతోందంటే అప్పుడే కూర్చో.

సంక్రాంతికి ఇంటికి వెళ్తున్నావట, అదీ ఢిల్లీ మీదుగా. చాకు తీసుకెళ్లొద్దు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది, బటనో స్ప్రింగో మరో మెకానిజమో ఉండి తెరుచుకునే చాకు బ్లేడు 7.62 సెంటీమీటర్లు, ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లు, ఆపైన వెడల్పు ఉంటే ఆయుధాల చట్టం కింద పోలీసులు కేసు పెట్టిన సందర్భాలున్నాయి. నీది దాదాపు నాలుగంగుళాలు, అంటే పది సెంటీమీటర్లు. ఫ్లైట్ ముందు రోజు నా దగ్గర పెట్టి వెళ్లు. వచ్చేటప్పుడు మా అక్క చేతి గోంగూర పచ్చడి సీసా ఒకటి తే, మూతకి టేప్ బాగా చుట్టించు.

మీ మావయ్య