సవన్నా అడవుల వర్గీకరణ చదువుతానంటున్న అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరంలో ఉంది. దక్షిణాఫ్రికా సవన్నా అడవుల్లో వృక్ష సముదాయాలను వర్గీకరించే పరిశోధన చేస్తానని, ఎమ్మెస్సీకి నేరుగా అక్కడికే వెళ్తానని పట్టుబడుతోంది. చెట్ల పేర్లు రాసుకోవడానికి అంత దూరం వెళ్లాలా? ఆ చదువుకు ఉద్యోగం ఉంటుందా? — ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ముందు ఆ పని ఏమిటో చెప్పనివ్వండి. సవన్నా అంటే నేలంతా గడ్డి పరుచుకుని, మధ్యమధ్య చెట్లు ఉండే చోటు. వృక్ష సముదాయం అంటే ఒకచోట కలిసి పెరిగే మొక్కల గుంపు. అది తెలియకుండా ఉద్యోగాల గురించి మాట్లాడితే మీ అమ్మాయికి అన్యాయం చేసినట్లవుతుంది.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయోద్యానాన్ని తీసుకోండి. దాని విస్తీర్ణం దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. పడమటి వైపు ఎక్కువగా గ్రానైటు, తూర్పు వైపు బసాల్టు నేల. గ్రానైటు ప్రాంతంలో ఒక మిట్ట మీద నుంచి కింది వాగు దాకా నడిస్తే, వాన అంతటా ఒకేలా కురుస్తున్నా, కొద్ది దూరంలోనే అడవి పలుమార్లు మారిపోతుంది. మిట్ట మీద ఇసుక నేలలో వెడల్పాటి ఆకుల కాంబ్రెటం చెట్లు ఉంటాయి. కొంత దిగువన, ఇసుకలో ఇంకిన నీరు బంకమట్టి అడ్డుపడి పైకి ఊరే చోట, వెండి మెరుపు ఆకుల టెర్మినేలియా సెరిసియా గీత గీసినట్లు బారులు తీరి కనిపిస్తుంది. ఇంకా కిందికి దిగితే బరువైన మన్ను, సన్నని ఆకుల ముళ్ల చెట్లు, పశువులు ఇష్టపడే గడ్డి. ఈ తేడాలను కంటితో చూసి చెప్పడం ఒక ఎత్తు, మరొకరు పరీక్షించి ఒప్పుకునేలా నిరూపించడం మరొక ఎత్తు. వర్గీకరణ అంటే ఈ రెండోది.

దానికి పద్ధతి ఉంది. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న చతురస్రాన్ని టేపుతో కొలిచి, అందులోని ప్రతి చెట్టునూ, పొదనూ, గడ్డినీ గుర్తించి, ఒక్కొక్కటి నేలను ఎంత కప్పుతోందో అంచనా కట్టి రాస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు బ్రౌన్-బ్లాంకే రూపొందించిన కొలమానంలో 5 అంటే నాలుగింట మూడు వంతులకు పైగా, 3 అంటే పావు నుంచి సగం వరకు, 1 అంటే నూటికి ఐదు కంటే తక్కువ. ఇలాంటి ప్లాట్లు వందా రెండు వందలు పూర్తయ్యాక, అడ్డువరుసల్లో మొక్కల పేర్లు, నిలువువరుసల్లో ప్లాట్లు వేసి పెద్ద పట్టిక తయారు చేసి, ఆ వరుసలను అటూ ఇటూ జరుపుతూ పోతే, కలిసి కనిపించే మొక్కలు ఒక్కో గుంపుగా ఒకచోటికి చేరతాయి. 1979లో మార్క్ హిల్ రాసిన ట్విన్‌స్పాన్ అనే ప్రోగ్రాము ఈ పనిలో మొదటి అంచెను కంప్యూటరుకు అప్పగించింది. కానీ ప్లాటులో ఒక గడ్డిని మరో గడ్డిగా పొరపడి రాస్తే ఏ ప్రోగ్రామూ దాన్ని సరిదిద్దలేదు. అందుకే ఈ రంగంలో అసలు విద్య మొక్కను గుర్తుపట్టడమే అంటాను.

ఈ శ్రమ ఎవరికి అక్కర అని మీరు అడగవచ్చు. 2006లో దక్షిణాఫ్రికా జాతీయ జీవవైవిధ్య సంస్థ ప్రచురించిన దేశవ్యాప్త వృక్షసంపద పటం ఇలాంటి పట్టికల ఆసరాతో తయారైంది. గని తవ్వాలన్నా, రోడ్డు వేయాలన్నా అక్కడి పర్యావరణ ప్రభావ నివేదికలు ఆ పటాన్ని చూడాల్సిందే. ఏ అడవిలో ఎప్పుడు నిప్పు పెట్టవచ్చు, ఎన్ని పశువులు మేయవచ్చు అన్న నిర్ణయాలకూ అక్కడ ఏ సముదాయం ఉందో ముందు తెలియాలి.

మనవాళ్లకు ఈ చదువు పరాయిది కాదు. ఆ కాంబ్రెటం, టెర్మినేలియాలు మన కరక, తాని, నల్లమద్ది కుటుంబానివే. అక్కడి మరులా మామిడి కుటుంబపు చెట్టు. అక్కడ మేత భూములను ఆక్రమిస్తున్న పొద మన బీడుల్లో పెరిగే వెలుతురు చెట్టే. అక్కడి మోపనే అనే చెట్టు ఆకు సీతాకోకచిలుక రెక్కల్లా రెండుగా విడి ఉంటుంది. మన రాయలసీమ అడవుల్లో దాని బంధువైన నారేప ఆకు కూడా అంతే. ఒకసారి రెండింటి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడమని మీ అమ్మాయికి చెప్పండి.

ఇక దారి సంగతి. నేరుగా ఎమ్మెస్సీకి అక్కడికి వెళ్లాలన్న ఆలోచనను నేను సమర్థించను. అక్కడ మూడేళ్ల బీఎస్సీ తర్వాత ఒక ఏడాది ఆనర్స్ ఉంటుంది, ఆ తర్వాతే ఎమ్మెస్సీ. పైగా ఎమ్మెస్సీ చాలావరకు తరగతులు లేని పరిశోధన. మార్గదర్శకుణ్ణి, పరిశోధించాల్సిన ప్రశ్నను విద్యార్థే ముందుగా వెతుక్కోవాలి. మన మూడేళ్ల డిగ్రీతో వెళ్తే ఒక ఏడాది, దాని ఖర్చు అదనం. మొదట ఇక్కడ ఎమ్మెస్సీ చేయడం మేలు. పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎకాలజీ కోర్సు ఉంది, బెంగళూరులోని జీవశాస్త్రాల జాతీయ కేంద్రం (ఎన్‌సీబీఎస్)లో వన్యప్రాణి జీవశాస్త్రం, పరిరక్షణల కోర్సు ఉంది. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపరు కూడా ఉంది. పరిశోధన డిగ్రీకి అప్పుడు ప్రిటోరియా, విట్‌వాటర్స్‌రాండ్, నార్త్-వెస్ట్ విశ్వవిద్యాలయాల వైపు చూడవచ్చు.

అక్కడే స్థిరపడాలన్న లెక్కతో మాత్రం పంపకండి. దక్షిణాఫ్రికాలో ఎకాలజిస్టుగా వృత్తి చేయాలంటే అక్కడి సహజ శాస్త్ర వృత్తుల మండలిలో నమోదు కావాలి, పని వీసా రావడం తేలిక కాదు. నేర్చుకోవడానికి వెళ్లి ఇక్కడ ఉపయోగించుకోవడమే నాకు సబబుగా తోస్తోంది. ఇక్కడ అవసరం నిజంగానే ఉంది. మన దేశంలో గడ్డి పరుచుకున్న పలుచని అడవులను చాలాకాలంగా చెడిపోయిన అడవులుగానే లెక్కగట్టారు. వాటిలో చాలా భాగం సవన్నాలేనని జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ తదితర శాస్త్రవేత్తలు 2011లోనే వాదించారు. సవన్నాను చెడిపోయిన అడవి అనుకుని దాని నిండా మొక్కలు నాటితే అక్కడి గడ్డి, దాని మీద బతికే జీవాలు పోతాయి. రెండింటి తేడాను అక్కడికి వెళ్లి చూసి తేల్చి చెప్పగలిగేవారు మనకు కావాలి. హైదరాబాద్‌లోని ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, బొటానికల్ సర్వే దక్కన్ కేంద్రం, డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే, పర్యావరణ సలహా సంస్థలు, అటవీ సర్వీసు పరీక్ష, ఇవన్నీ ఉన్నాయి. ఉద్యోగాలు వేలల్లో లేవు, ఆ మాట దాచను. మొక్కల గుర్తింపుతో పాటు ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, ఆర్ అనే కంప్యూటరు భాషలో గణాంకాలు వచ్చినవారికి మాత్రం దారులు ఎక్కువ.

ఖర్చు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. వానలు తగ్గి గడ్డి కంకి వేసే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మీ అమ్మాయిని పది ప్లాట్లు వేయమనండి. నల్లమలలో పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు కనుక, ఊరి బీడు, గుట్ట వాలు, వాగు గట్టు సరిపోతాయి. తెలియని ప్రతి గడ్డినీ పాత పేపర్ల మధ్య ఎండబెట్టి, కాలేజీలో ఎండిన మొక్కలను భద్రపరిచే హెర్బేరియంలో పోల్చి చూసి, పేరు తేలేదాకా వదలకూడదు. మొదటి రెండు ప్లాట్లకు ఉత్సాహం అందరికీ ఉంటుంది. ఎనిమిదో ప్లాటు దగ్గర, ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, ఒకేలా కనిపించే రెండు గడ్డి కంకులను లెన్సుతో చూస్తున్నప్పుడు ఆమెకు విసుగు వస్తోందా, ఇంకా చూడాలనిపిస్తోందా అన్నది ఆమెకే తెలుస్తుంది. విసుగు వస్తే అందులో తప్పేమీ లేదు, బోటనీలో ఇతర దారులు చాలా ఉన్నాయి. చూడాలనిపిస్తే ఆ పది ప్లాట్లతో ఒక పట్టిక తయారు చేసి, వరుసలు మార్చి, మిట్ట మొక్కలు, వాగు మొక్కలు విడిపోయాయో లేదో చూసుకోమనండి. రేపు విదేశీ ఆచార్యులకు రాసే ఉత్తరానికి మార్కుల జాబితాతో పాటు ఆ పట్టికనూ జతచేయమనండి.