అరువు పుస్తకం అత్యవసర నిధి కాదు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా దేవరకొండ. మావారికి ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. ఇంటి ఖర్చు నెలకు 34 వేలు. దుకాణం అద్దె, పనివాడి జీతం కలిపి మరో 20 వేలు. నేను ప్రైవేటు పాఠశాలలో సైన్సు చెప్పేదాన్ని. 2022లో మానేసి మా ఇద్దరు అమ్మాయిలకు (12, 9 ఏళ్లు) ఇంట్లోనే చదువు చెబుతున్నాను. ఇద్దరికీ నక్షత్రాలు, రాకెట్లు అంటే ప్రాణం. ఆదివారం సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలు కూడా వస్తున్నారు. నెలకు 500 రూపాయల ఫీజుతో ఖగోళశాస్త్ర తరగతులు పెడితే ఇరవై మంది వస్తారని నమ్మకం. కెమెరాతో కూడిన 8 అంగుళాల టెలిస్కోపుకు 1.45 లక్షలు, మేడ మీద రేకుల గదికి 1.60 లక్షలు, ప్రొజెక్టర్, కంప్యూటర్‌కు 75 వేలు అవుతాయి. ఫోను యాప్‌లో 60 వేల రుణం తీసుకుని టెలిస్కోపుకు 50 వేలు అడ్వాన్సు ఇచ్చాను. నెలకు 6,100 చొప్పున 12 వాయిదాలు, రెండు కట్టాను. మిగతాదానికి 8 తులాల బంగారం తాకట్టు పెడితే 3.20 లక్షలు వస్తాయి. 2027 ఆగస్టులో సంపూర్ణ సూర్యగ్రహణం చూపించడానికి పిల్లలను ఈజిప్టు తీసుకెళ్లాలని కూడా ఉంది. అందుకు మా 3 లక్షల చిట్టీ (30 నెలలు, 19 కట్టాం) పాడుకుందామని ఆలోచన. బ్యాంకులో 48 వేలు ఉన్నాయి. రైతుల నుంచి రావాల్సినవి ఆరున్నర లక్షలు ఉన్నాయి కాబట్టి అత్యవసరానికి ఇబ్బంది లేదు. మావారి పేరిట 5 లక్షల జీవిత బీమా పాలసీ ఉంది. బంగారు రుణం బ్యాంకులో తీసుకోవాలా, ప్రైవేటు సంస్థలోనా?

జవాబు: మీరు అడిగింది వడ్డీలో ఒకటి రెండు శాతం తేడా గురించి. ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది మాత్రం అందులోని మరో వాక్యం కోసం. ‘రైతుల నుంచి రావాల్సినవి ఆరున్నర లక్షలు ఉన్నాయి కాబట్టి అత్యవసరానికి ఇబ్బంది లేదు’ అన్నారు. ఎరువుల దుకాణమైనా, కిరాణా అయినా, బట్టల కొట్టయినా, వ్యాపారం చేసే ఇళ్ల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ మాట ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది.

ఒక్కసారి ఆ అరువు పుస్తకం తెరిచి చూడండి. ఏ పేరు ఎదుట ఎంత బాకీ ఉందో కాదు, ఏ నెలలో ఎంత జమ అయిందో చూడండి. మే నుంచి విత్తనాల సరుకు దించుకోవాలి, జూన్, జులైలో డీఏపీ, ఆ తర్వాత యూరియా. డబ్బంతా బయటికే పోతుంది. రైతు చేతికి పత్తి డబ్బు వచ్చేది దసరా దాటాకే, మీకు వచ్చేది ఆ తర్వాత. వానలు మొహం చాటేసిన ఏడాది అయితే బాకీ వచ్చే పంటకు వాయిదా పడుతుంది. పైగా ఆ పుస్తకానికి ఇంకో పక్క ఉంది, దాని ఊసు మీ ఉత్తరంలో లేదు. హోల్‌సేలర్‌కు మీరు కట్టాల్సింది ఎంత? ఆగస్టులో ఇంట్లో ఎవరికైనా డెంగీ వచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే, కౌంటరు దగ్గర అరువు పుస్తకం చూపిస్తే ఒప్పుకోరు. అప్పుడు మీ చేతిలో ఉన్నది 48 వేలు. ఇల్లు, దుకాణం కలిపితే నెల ఖర్చు కూడా కాదు.

ఇక్కడ మీరు గమనించని సంగతి ఒకటుంది. దేవరకొండ ఆకాశం మబ్బు పట్టి ఉండేదీ ఆ జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. టెలిస్కోపు మూలన పడే నెలలూ, దుకాణంలో నగదు ఆడని నెలలూ ఒక్కటే. వాయిదాకు మాత్రం మబ్బు పట్టదు.

లెక్క వేద్దాం. ఆరు నెలల ఇంటి ఖర్చు 2.04 లక్షలు. దుకాణం రెండు నెలలు మూతపడితే అద్దె, జీతం 40 వేలు. మామూలు ఇంటికైతే ఇక్కడ ఆగేవాణ్ని. మీ ఇంట్లో బడి కూడా మీరే. మీకు చిన్న ఆపరేషన్ జరిగి రెండు నెలలు మంచం దిగవద్దంటే ఆ బడి మూతపడుతుంది. పిల్లలను ఏడాది మధ్యలో ఏదో ఒక పాఠశాలలో చేర్చాల్సి వస్తే ప్రవేశ రుసుము, పుస్తకాలు, యూనిఫాం, బస్సు అన్నీ ఒకేసారి మీద పడతాయి. దానికి ఇద్దరికీ కలిపి ఇంకో 60 వేలు. మొత్తం 3.04 లక్షలు. ఇంట్లో చదువు చెప్పే తల్లిదండ్రులు పాఠశాల ఫీజు మిగిలిందని సంతోషిస్తారు కానీ, ఒక జీతం పోయిందనీ, మిగిలిన ఒక్క ఆదాయం మీద భారమంతా పడిందనీ లెక్కలో రాసుకోరు. మీ ఇంటికి నిధి పక్కింటి వారి కంటే ఎక్కువ ఉండాలి. 48 వేలు పోను ఇంకా 2.56 లక్షలు కావాలి. అది బ్యాంకు ఖాతాలోనో, లిక్విడ్ ఫండ్‌లోనో (స్వల్పకాల రుణ పత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్), అడిగిన మర్నాటికి చేతికి వచ్చేలా ఉండాలి. ఎక్కడ పెట్టారన్నది నాకు పెద్ద పట్టింపు కాదు. దుకాణం సరుకులో మాత్రం పెట్టకండి. వ్యాపారం నడిపే ఇళ్లలో సీజను రాగానే ఆ డబ్బు మీదికి చెయ్యి పోతుంది. అందుకే ఖాతా మీ పేరిట ఉండనివ్వండి, దుకాణం ఖాతాతో కలపకండి.

ఇక యాప్ రుణం. 60 వేలకు నెలకు రెండు శాతం లోపే అని యాప్‌లో చూపించి ఉంటారు. ఫీజుల కింద కోసుకున్నది ఎంతో మీరు రాయలేదు. 3 వేలు అనుకుందాం. చేతికి వచ్చింది 57 వేలు, కట్టేది 73,200. నెల నెలా తగ్గుతున్న అసలు మీద చూస్తే ఏడాదికి దాదాపు 49 శాతం పడుతుంది. మన ఊళ్ల భాషలో నూటికి నాలుగు రూపాయల వడ్డీ. మీ దుకాణానికి వచ్చే రైతు ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చానంటే మీవారే మందలిస్తారు. అదే రుణం ఫోనులో నాలుగు నొక్కులతో వచ్చేసరికి పిల్లల చదువుకు పెట్టుబడి అయిపోయింది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి రుణం ఇచ్చేవారు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును ముందే ఒక పత్రంలో రాసి ఇవ్వాలి. ఆ పత్రం తీసి చూడండి. అసలు అది ఇవ్వలేదంటే రుణం ఇచ్చినవారి మీదే అనుమానపడాలి.

రెండు వాయిదాలు పోను అసలు ఇంకా 51 వేల పైచిలుకు ఉంటుంది. టెలిస్కోపు అడ్వాన్సు వెనక్కి వస్తే మొత్తం దీనికే కట్టి మూసేయండి. రాకపోతే, మీ బంగారంలో ఈ 51 వేలకు సరిపడా మాత్రమే బ్యాంకులో పెట్టి దీన్ని తీర్చండి. బంగారు రుణానికి నేను ఒప్పుకునేది ఈ ఒక్క పనికే. మీ ప్రశ్నకు జవాబు కూడా అదే: బ్యాంకులో, రెండు తులాల లోపు. మూసేశాక ఆ 6,100 ఆగకూడదు. మొదట బంగారం విడిపించడానికి, ఆ తర్వాత నిధికి వెళ్లాలి.

3.20 లక్షల బంగారు రుణం సంగతి చూడండి. పది శాతం వడ్డీ, ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతి అనుకుంటే 3.52 లక్షలు కావాలి. మీ తరగతులకు ఇరవై మందీ వచ్చి, అందరూ ఫీజు కట్టి, మబ్బు నెలలు పోను ఎనిమిది నెలలు నడిస్తే వచ్చేది 80 వేలు. మిగతా 2.72 లక్షలు ఎక్కడి నుంచి? మళ్లీ అరువు పుస్తకమే గుర్తుకొస్తుంది మీకు. ఆ ఏడాది పత్తి దెబ్బతింటే నోటీసు వస్తుంది, ఆ తర్వాత వేలం. ఎనిమిది తులాలూ పోతే ఆ ఇంటికి చివరి ఆసరా కూడా పోయినట్టే. రేకుల గదిని వేలం వేసినా ఎవరూ కొనరు. ఆ గది అసలు ఎందుకమ్మా? పగలంతా కాలిన రేకుల వేడి రాత్రి గాలిని కదిలిస్తూ ఉంటే టెలిస్కోపులో శని వలయాలు అలుక్కుపోయి కనిపిస్తాయి. దేవరకొండలో ఆరుబయట మేడ ఉండగా 1.60 లక్షలు పెట్టి ఆకాశానికి కప్పు వేసుకుంటారా?

చిట్టీ పాడకండి. ఇంకా 11 నెలలు ఓపిక పడితే కమీషను పోను దాదాపు మొత్తం చేతికి వస్తుంది. మీకు తక్కువ పడుతున్న 2.56 లక్షలు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు పాడితే ఎంత తగ్గించి ఇస్తారో మీకు తెలియంది కాదు. రిజిస్టరైన చిట్టీయేనా అన్నది మాత్రం ఈ వారమే చూసుకోండి. ఈజిప్టు సంగతి: 2027 ఆగస్టు 2న లక్సార్ దగ్గర ఆరు నిమిషాల పైచిలుకు సంపూర్ణ గ్రహణం ఉంటుంది, నిజమే, అద్భుతంగా ఉంటుంది. ఆ ఆరు నిమిషాలకు ఇంటి నిధి మొత్తం ఇచ్చేయలేం.

బీమా విషయానికి వస్తే, 5 లక్షల పాలసీ అంటే మీ ఇంటికి పదిహేను నెలల ఖర్చు కూడా కాదు. మీవారికి కోటి రూపాయల టర్మ్ పాలసీ (పొదుపు కలపని, ప్రాణానికి మాత్రమే చేసే బీమా), నలుగురికీ కలిపి 10 లక్షల ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాలపై జీఎస్టీ కూడా లేదు. మీ పేరిట కూడా ఎంత ఇస్తే అంతకు టర్మ్ పాలసీ అడగండి. ఇంట్లో ఉండే తల్లికి ఆదాయం లేదు కదా అని వదిలేస్తారు. మీరు లేకపోతే ఇద్దరు పిల్లల చదువుకు కొత్తగా ఫీజు మొదలవుతుంది.

మరి ఖగోళశాస్త్రం? దాన్ని ఆపమనడం లేదు. ఆ చదువులో మొదటి రెండు మూడేళ్లకు డబ్బుతో పని తక్కువ. దేవరకొండలో మే నెల తొలి పది రోజుల్లో ఒకరోజు, ఆగస్టు తొలి వారంలో మరోరోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆగస్టులో మబ్బు అడ్డొస్తుంది కాబట్టి మే నెలదే నమ్ముకోండి. ఆ రోజున ఆదిలాబాద్‌లో తెలిసినవారు ఎవరైనా ఉంటే కర్ర ఎత్తు, మిట్టమధ్యాహ్నం దాని నీడ పొడవు కొలిచి ఫోనులో చెప్పమనండి. ఆ ఊరు మీకు దాదాపు నిట్టనిలువుగా ఉత్తరాన ఉంది. సూర్యకిరణాల కోణంలో రెండు ఊళ్లకూ సుమారు మూడు డిగ్రీల తేడా వస్తుంది. ఆ తేడా పూర్తి చుట్టు 360 డిగ్రీల్లో ఎన్నో వంతో చూసి, రెండు ఊళ్ల మధ్య తిన్నని దూరంతో కలిపి లెక్క కడితే భూమి చుట్టుకొలత మీ పెద్దమ్మాయి చేతికి వస్తుంది. ఖర్చు ఒక కర్ర, ఒక టేపు.

ఐదారు వేలలో 10×50 బైనాక్యులర్లు వస్తాయి. ఊగకుండా స్టాండుకు బిగిస్తే గురుడి నాలుగు ఉపగ్రహాలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో రాసుకున్నట్టే రోజూ వాటి చోటు గీయించండి. శీతకాలం రాత్రుల్లో పిల్లలకోడి, గొర్రుకొయ్యలు అనే చుక్కల గుంపులు చూపించడానికి అదీ అక్కర్లేదు, మీ అమ్మగారు చాలు. ఏ చుక్క ఎక్కడుందో చూపించే కంప్యూటర్ ప్రోగ్రామ్ స్టెల్లేరియం ఉచితం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్లే వేళలు ముందే తెలుస్తాయి, మామూలు కళ్లతోనే చూడొచ్చు. హైదరాబాద్‌లో బిర్లా నక్షత్రశాలకు ఏడాదికి ఒకసారి వెళ్లి రండి. శ్రీహరికోటలో ప్రయోగం చూడటానికి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే గ్యాలరీలోకి ఉచితంగా రానిస్తారు, బస్సు ఖర్చులే. ఇస్రో ‘యువిక’ శిబిరం రానూపోనూ ఖర్చులతో సహా ఉచితం, కానీ అది తొమ్మిదో తరగతి చదివే పిల్లలకు. ఇంట్లో చదివే పిల్లల విషయంలో ఆ ఏడాది ప్రకటనలో షరతులు ముందే చూసుకోండి.

పెద్దమ్మాయికి 14 నిండితే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు. అంటే రెండేళ్లలో పరీక్ష ఫీజు, ఆ వెంటనే ఇంటర్ ఖర్చు వస్తాయి. ఇవి వస్తాయా రావా అన్న అనుమానం లేని ఖర్చులు. వీటికి ఒక రికరింగ్ డిపాజిట్ చాలు. నెల నెలా కొంత కట్టే మ్యూచువల్ ఫండ్ సిప్ అంటారా, నిధి పూర్తయ్యాక మాట్లాడుకుందాం. చిన్నమ్మాయికి పదేళ్లు నిండేలోపు ఆడపిల్లల పొదుపు పథకమైన సుకన్య ఖాతా 250 రూపాయలతోనైనా తెరిచి ఉంచండి, ఆ తర్వాత ఇవ్వరు.

తరగతులు పెట్టాలంటే బైనాక్యులర్లతో, మేడ మీద, ఈ అక్టోబరులోనే మొదలు పెట్టండి. ఇరవై మంది వస్తారన్నది నమ్మకమా, నిజమా అన్నది మార్చి నాటికి తేలుతుంది. ఫీజు డబ్బు విడిగా దాచి, చిట్టీ చేతికొచ్చి నిధి నిండాక, కెమెరా లేని 6 అంగుళాల టెలిస్కోపు నగదుతో కొనుక్కోవచ్చు. ఇప్పుడు చేయాల్సిన పని అమ్మినవారికి రాయడం: ఆర్డరు రద్దు చేస్తున్నాను, అడ్వాన్సు 50 వేలు తిరిగి ఇవ్వండి, కోత ఉంటే ఎంతో, ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా తెలపండి అని. ఫోనులో మాట్లాడితే సరిపోదు, మెయిలో, రిజిస్టర్డ్ పోస్టో ఉండాలి. బిల్లు, షరతుల కాగితం నకలు జత చేయండి. సరుకు ఇంకా పంపలేదంటే మీ మాటకు బలం ఉంటుంది. పంపేదాకా ఆగితే ఉండదు.