రాజీనామా పత్రంపై సంతకానికి ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరి ఎనిమిది నెలల పది రోజులైంది. జీతం రూ.45,000. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. పనితీరు బాగాలేదని, రాజీనామా చేస్తే నెల జీతం ఇస్తామని, లేదంటే తొలగిస్తామని హెచ్‌ఆర్ అంటున్నారు. చేరేటప్పుడు రెండేళ్ల బాండు రాశాను. మధ్యలో మానేస్తే రూ.1.5 లక్షలు కట్టాలి. పర్సనల్ లోన్ ఈఎంఐ రూ.9,600. ఇంటికి నెలకు రూ.12,000 పంపుతాను. ఎఫ్‌డీలో రూ.80,000 ఉన్నాయి. సంతకం పెట్టేసి, పీఎఫ్ తీసుకుని లోన్ తీర్చేయమంటారా?

జవాబు: ముందు మీ బాండు కాగితం తీసి మళ్లీ చదవండి. ‘మధ్యలో మానేస్తే’ అని ఉందంటే అది మీరుగా వెళ్లిపోయినప్పటి మాట. వాళ్లు తీసేస్తే ఆ షరతు కింద డబ్బు అడగడం కష్టం. మీరు రాజీనామా ఇచ్చిన మరుక్షణం మీరుగా మానేసినట్లే. రూ.45,000 చేతికిచ్చి రూ.1.5 లక్షలు అడిగే వీలును మీ సంతకంతోనే వాళ్లకు ఇచ్చినట్లవుతుంది. తొలగించే అధికారం ఉన్న సంస్థ రాజీనామా కోసం ఎందుకు బతిమాలుతోందో కూడా ఆలోచించండి.

ప్రొబేషన్‌లో ఉన్నవారికి హక్కులే ఉండవన్నది నిజం కాదు. తెలంగాణలో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వక నోటీసో, దానికి బదులు జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. అంటే మీకు ఉదారంగా ఇస్తామంటున్న నెల జీతం తొలగించినా ఇవ్వాల్సిందే.

ఇంకో గీత 240 రోజులు. పన్నెండు నెలల్లో అన్ని రోజులు పనిచేస్తే చట్టం దాన్ని ఏడాది సర్వీసుగా లెక్కిస్తుంది. జీతంతో కూడిన ఆదివారాలు, సెలవులు కూడా అందులో కలపాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. జీతం లేని సెలవులు ఎక్కువ వాడకపోయి ఉంటే మీరు ఈ గీత దాటారు. అప్పుడు క్రమశిక్షణ చర్యగా కాక వేరే కారణంతో తీసేస్తే నెల నోటీసుకు తోడు పదిహేను రోజుల వేతనం పరిహారంగా రావాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం మరో పదిహేను రోజుల వేతనం పునర్‌నైపుణ్య నిధి (తీసేసిన ఉద్యోగుల కోసం సంస్థ డబ్బు జమ చేసే నిధి) నుంచి మీ ఖాతాలో పడాలి. మొత్తం రూ.90,000 దాకా. అయితే మేనేజర్ స్థాయి పని చేసేవారికి ఇది వర్తించదు. నియామక పత్రంలోని ప్రొబేషన్ షరతు చూపించి సంస్థ వాదించవచ్చు కూడా. అందుకే ఈ డబ్బును హక్కుగా అడగండి గానీ, నెలవారీ ఖర్చుల లెక్కలోకి మాత్రం తీసుకోకండి.

‘తొలగించారు’ అన్న మచ్చ తర్వాతి ఉద్యోగానికి అడ్డొస్తుందన్న భయం మీకుంటుంది. అది వట్టి భయమేమీ కాదు. రాజీనామాయే మేలనుకుంటే దానికి ధర కట్టండి: బాండు రద్దయినట్లు లేఖ, రిలీవింగ్ లెటర్ (మిమ్మల్ని విధుల నుంచి విడుదల చేసినట్లు సంస్థ ఇచ్చే పత్రం), కనీసం రెండు నెలల జీతం. ఇవి కాగితం మీదకు వచ్చాకే సంతకం. అంతవరకు ‘నేను రాజీనామా చేయడం లేదు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను’ అని ఈమెయిల్ ఇవ్వండి. పే స్లిప్పులు, హాజరు వివరాలు, పనితీరుపై వచ్చిన మెయిళ్లలో మీకు సంబంధించినవి భద్రపరచుకోండి. సంస్థ రహస్య పత్రాల జోలికి వెళ్లకండి, అది వాళ్లకు కొత్త ఆయుధమవుతుంది.

తీసేస్తే కార్మిక శాఖ రాజీ అధికారికి దరఖాస్తు చేయవచ్చు. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా కార్మిక వివాదాలు తేల్చే పారిశ్రామిక ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన నాటి నుంచి రెండేళ్లే గడువు. ట్రైబ్యునల్లో ఏళ్లు పట్టవచ్చు కాబట్టి రాజీ దశలోనే న్యాయమైన మొత్తం వస్తే తీసుకోమంటాను.

పీఎఫ్ సంగతి. మీ జీతం మొత్తం మీద కాక రూ.15,000 పరిమితి మీదే కోత పడుతుంటే నెలకు మీ వాటా రూ.1,800, పెన్షన్‌కు పోగా సంస్థ వాటా రూ.550. ఎనిమిది నెలలకు రూ.18,800, కొంత వడ్డీ. దానితో లోన్ తీరదు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. కొత్త ఉద్యోగంలో అదే యూఏఎన్‌కు (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) బదిలీ చేయించుకోండి. ఈలోగా పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ పడిందో లేదో చూడండి.

ఎఫ్‌డీని లోన్ తీర్చడానికి వాడకండి. అద్దె, తిండికి రూ.15,000 అనుకుంటే ఈఎంఐతో కలిపి రూ.24,600. ఇంట్లో చెప్పి, పంపే డబ్బు కొన్నాళ్లు ఆపితే రూ.80,000తో మూడు నెలలు నడుస్తాయి. పంపుతూనే ఉంటే రెండు నెలలకే అయిపోతుంది. నాన్నగారికి చెప్పడం కష్టంగానే ఉంటుంది, కానీ క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి పంపడం కంటే నయం. చివరి జీతం పని మానిన రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. అది రాగానే ఒక ఈఎంఐ మొత్తాన్ని పక్కన పెట్టేయండి. తల్లిదండ్రులు సంస్థ గ్రూపు ఆరోగ్య బీమాలో ఉంటే, ఆఖరి రోజు రాకముందే వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి ఆ బీమా కంపెనీని అడగండి.