వంచి చూడాల్సిన ట్యూబు

చిట్టితల్లీ,

సోమవారం ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

క్రిములకు రంగు వేసే గ్రామ్ స్టెయిన్ చూడకుండా ఏ పరీక్షా మొదలుపెట్టకు. ఆక్సిడేజ్‌ పరీక్షకు నిక్రోమ్ తీగ లూపు వద్దు, క్రిమిని పుల్లతో తీయి. కెటలేజ్‌ పరీక్షకు కాలనీ, అంటే ప్లేటు మీద పెరిగిన క్రిముల చుక్క, తీసేటప్పుడు కింది రక్తం కలిపిన బ్లడ్ అగార్ గీరుకుపోకూడదు. పరీక్షలో చూడాల్సిన బుడగల్ని రక్తకణాలే లేపుతాయి. ఇవన్నీ నువ్వు చదివినవే.

క్రిమి ప్లాస్మాను గడ్డకట్టిస్తుందా అని చూసే కోయాగ్యులేజ్ పరీక్ష సంగతి మాత్రం నా నోటి నుంచే వినాలి. నేను చేరి ఏడాది కూడా కాలేదు. ఒక పిల్లవాడి బ్లడ్ కల్చర్‌లో గుత్తులు గుత్తులుగా కోకై, అంటే గుండ్రటి క్రిములు, కనిపించాయి. సాయంత్రం కుందేలు ప్లాస్మాలో కలిపి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాను. నాలుగు గంటలదాకా గంటగంటకూ వంచి చూడాలి. ఆఖరి బస్సు పోతుందని ఇంటికి వెళ్ళిపోయాను. పొద్దున ట్యూబు వంచితే ప్లాస్మా నీళ్ళలా జారింది. గడ్డ లేదు కాబట్టి నెగటివ్ అని రాశాను. ‘చర్మం మీది క్రిమి కలిసి ఉంటుంది’ అని సొంత తెలివి కూడా జోడించాను. మందు ఆపేశారు.

రెండు రోజులకు మళ్ళీ తీసిన రక్తంలోనూ అదే క్రిమి. ఈసారి మా సీనియర్ మేడమ్ మూడో గంటకే ట్యూబు వంచి చూపించారు. జున్నులా గడ్డకట్టి కదలలేదు. అదే ట్యూబును మర్నాడు పొద్దున నా చేతికిచ్చారు: మళ్ళీ నీళ్ళు! కొన్ని స్టాఫిలోకాకస్ ఆరియస్‌లు స్టాఫిలోకైనేజ్ అనే ఎంజైముతో తాము కట్టిన గడ్డను తామే కరిగించేస్తాయి. మొదటి ప్లేటులో కాలనీల చుట్టూ, ఆరియస్ కావచ్చని చెప్పే, రక్తం విరిగిన వలయం కనబడుతూనే ఉంది. చూసి కూడా ట్యూబునే నమ్మాను.

పిల్లవాడు కోలుకున్నాడు, మూడు వారాలకు. వాళ్ళమ్మ వార్డు బయట కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతూ ఉండేది. నేను వెనక మెట్ల మీదుగా వెళ్ళేదాన్ని.

నాలుగు గంటలు కాచుకుని చూడలేని వేళ ఆ ట్యూబు పెట్టనే పెట్టకు. ఊపకు, మెల్లగా వంచు. అప్పటికీ గడ్డ కట్టకపోతేనే గది వేడిమిలో రాత్రంతా ఉంచు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయే పిల్లవు నువ్వు, అందుకే నా బెంగ. కోప్పడుతున్నాననుకోకు. ల్యాబులో గ్లవ్స్‌తో ఫోను ముట్టుకోకూడదు కాబట్టి చిన్న అలారం గడియారం పంపుతున్నాను. మోత కాస్త ఎక్కువే.

మీ అత్తయ్య