పసుపు, స్పిరిట్, వయొలెట్ లైటు

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. క్యాన్సర్ కణాలను వెలిగించి చూపే మందుల మీద రీసెర్చి చేస్తానంటోంది. చుట్టాలు బీఎడ్ చేయించమంటున్నారు. అసలు అది డాక్టర్ల పని కదండీ?

జవాబు: వాడేది డాక్టర్లు, తయారుచేసేది మాత్రం కెమిస్టులేనండి. ఇంట్లోనే చూడొచ్చు. చిటికెడు పసుపు ఒక గ్లాసు నీళ్లలో, మరో చిటికెడు కాస్త సర్జికల్ స్పిరిట్‌లో కలిపి తేరనివ్వండి (పొయ్యికి దూరంగా). గదిలో లైటార్పి, దొంగనోట్లు పట్టే వయొలెట్ లైటు వేయండి. స్పిరిట్ గ్లాసు మెరుస్తుంది, నీళ్లది మసకగానే ఉంటుంది. రెండింట్లోనూ ఉన్నది అదే పసుపు, చుట్టూ ఉన్నదే వేరు. మీ అమ్మాయి చెప్పే వెలిగించే మందులను ప్రోబ్‌లంటారు, వాటిలో చాలావాటి కిటుకు ఇలాంటిదే. మామూలు కణం దగ్గర చీకటిగా ఉండి, క్యాన్సర్ కణంలో ఎక్కువగా ఉండే ఎంజైము తగలగానే వెలిగేలా అణువును కడతారు. 5-ఏఎల్ఏ అనే మందుదైతే ఇంకో రకం. ఆపరేషన్‌కు ముందు తాగిస్తే, నీలి వెలుతురులో మెదడులోని కొన్ని రకాల గడ్డలు ఎర్రగా కనిపిస్తాయి. అమెరికాలో 2017లో దానికి అనుమతి ఇచ్చారు.

దారి జామ్ పరీక్ష, అంటే ఐఐటీల వంటి చోట్ల ఎమ్మెస్సీ సీటు కోసం దేశమంతటా జరిగే ప్రవేశ పరీక్ష. సెప్టెంబరులో అప్లికేషన్లు, ఫిబ్రవరిలో పరీక్ష, పేపరు ఇంగ్లిష్‌లోనే. ఐఐటీ భువనేశ్వర్, ఎన్ఐటీ రూర్కెలా ఆ స్కోరుతోనే ఎమ్మెస్సీలో చేర్చుకుంటాయి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చి చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె. పీహెచ్‌డీకి బరంపురంలోని ఐసర్ (కేంద్రం నడిపే సైన్సు సంస్థ) మీకు దగ్గరే.

సరిహద్దు వాళ్లు తరచూ దెబ్బతినేది ఒక్కచోట, సీట్ల రిజర్వేషన్ దగ్గర. ఆంధ్ర వైపు పాతపట్నంలో మీ చుట్టాలకు ఓబీసీ సర్టిఫికెట్ ఉందని మీకూ వస్తుందనుకోకండి. కేంద్రం ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఒడిశా జాబితాలో మీ కులం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి మామూలుగా ఆరేడేళ్లు పడుతుంది, ఆపైన ఉద్యోగానికి గ్యారంటీ కూడా లేదు. పెళ్లి మాట మీరు రాయలేదు, నేనూ ఎత్తను. అమ్మాయిని ఒక్కటి అడగండి: పొద్దున వేసిన కాలమ్ (కలిసిపోయిన పదార్థాలను విడదీసే గాజు గొట్టం) దగ్గర సాయంత్రం దాకా నిలబడి, చివరికి ఫ్లాస్కు అడుగున అంటుకున్న కాస్త పొడి చూసి సంబరపడగలదా? అవునంటే జామ్ రాయించండి. ఈసారి రాకపోతే బరంపురం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసినా నెట్ రాయొచ్చు. బీఎడ్ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేసుకోవచ్చు.