అరవై దాటాక: మోకాళ్ల నొప్పికి అమెరికా జెల్లీ బిళ్లలు

ప్రశ్న: మా ఆయనకు 72 ఏళ్లు. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. ఏడాదికోసారైనా అలిపిరి మెట్లెక్కే మనిషి, మోకాళ్లు అరిగిపోయి ఇప్పుడు మేడ మెట్లు దిగడానికే అవస్థ పడుతున్నారు. గుండె లయ తప్పుతోందని వార్ఫరిన్, బీపీకి ఇంకో మాత్ర వాడుతున్నారు. కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఉండి వచ్చినప్పటి నుంచి రాత్రిపూట ఏదో జెల్లీ బిళ్ల తింటున్నారు. డబ్బా మీద 'టీహెచ్‌సీ 5 మి.గ్రా.' అని ఉంది. గట్టిగా అడిగితే, 'గంజాయేలే, అక్కడ నా వయసోళ్లు బోలెడుమంది తింటారు, అంగట్లోనే అమ్ముతారు, మన సాధువులు తాగేదే కదా' అన్నారు. నొప్పి తగ్గి నిద్ర పడుతోందంటారు. మొన్న రాత్రి బాత్రూముకని లేచి, తూలి గోడకు కొట్టుకున్నారు. డాక్టరుకు చెబుదామంటే పరువు పోతుందని, పోలీసు కేసవుతుందని భయం. ఏం చేయమంటారు?
- ఓ ఇల్లాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, మిగతా సంగతులు తర్వాత. గోడకు కొట్టుకున్నది తలైతే ఈ రోజే ఆసుపత్రిలో చూపించండి. తలనొప్పి, వాంతి, మగత, మాట తడబడడం లాంటివి ఏ ఒక్కటి కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి. వార్ఫరిన్ లాంటి, రక్తం పలచబరిచే మాత్ర వాడే వాళ్లకు తల లోపల మెల్లగా రక్తం కారుతున్నా వెంటనే బయటపడకపోవచ్చు. తలకు తగలకపోయినా రేపు పొద్దున్నే ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం ఎంత పలచబడిందో చూపే లెక్క, పెరిగితే మరీ పలచబడినట్టు) చేయించండి.

ఎందుకింత తొందరపెడుతున్నానంటే, వార్ఫరిన్‌ను కాలేయంలో ఒక ఎంజైము విరిచి బయటికి పంపుతుంది. గంజాయిలో ఉండే పదార్థాలు ఆ ఎంజైముకు అడ్డుపడతాయి. అప్పుడు రోజూ వేసుకునే మాత్రే ఒంట్లో పేరుకుని ఎక్కువైపోతుంది. గంజాయి మొదలుపెట్టాక ఐఎన్ఆర్ పెరిగి రక్తస్రావం అయినవాళ్ల కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. మానేశాక కూడా మళ్లీ పరీక్ష చేయించాలి. ఈసారి ఐఎన్ఆర్ తగ్గిపోయే ప్రమాదముంది.

ఆ తూలడం కూడా ఊరికే వచ్చింది కాదు. పొగ తాగితే నిమిషాల్లో తెలుస్తుంది. బిళ్లగా తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. పని చేయలేదనుకుని ఇంకోటి వేసుకునేవాళ్లు ఎందరో. ఆ తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. ఆ ప్రభావం ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. తొమ్మిదింటికి తిన్న మనిషి రెండింటికి మూత్రానికి లేచేసరికి మత్తు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. డబ్బా మీద రాసిన టీహెచ్‌సీ అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, అది గుండె వేగం పెంచుతుంది, లేచి నిలబడగానే బీపీని దించేస్తుంది. దానికి తోడు ఆయన బీపీ మాత్ర ఉండనే ఉంది. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మనిషి మంచానికే అంకితం కావచ్చు. నాకున్న పెద్ద భయం అదే.

అక్కడ ఆయన ఈడువాళ్లు తింటున్నారన్న మాట నిజమే. అమెరికాలో 65 దాటినవాళ్లలో, అంతకుముందు నెల రోజుల్లో గంజాయి వాడామన్నవారు 2021లో 4.8 శాతం, 2023లో 7 శాతం. అబ్బాయి ఉండే కాలిఫోర్నియాదే ఇంకో లెక్క ఉంది, అదీ ఆయనకు చదివి వినిపించండి. గంజాయికి సంబంధించి అక్కడ ఎమర్జెన్సీకి వచ్చిన 65 ఏళ్లు పైబడినవారి కేసులు 2005లో 366, 2019లో 12,167. సాధువుల మాటంటారా, వాళ్లు వార్ఫరిన్ వేసుకుని చిలుం పట్టడం లేదు కదమ్మా. పైగా సరుకే మారిపోయింది. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో టీహెచ్‌సీ 1995 ప్రాంతంలో 4 శాతం దగ్గర ఉండేది, ఇప్పుడు 15 శాతం దాటింది.

ఇంత చెప్పినా, మీ ఆయన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు. వార్ఫరిన్ ఉన్నవాళ్లకు మామూలు నొప్పి మాత్రలు పడవు, కడుపులో రక్తస్రావం అవుతుంది. అందుకని 'నొప్పి మాత్రలు వేసుకోవద్దు' అని చీటీలో రాసి పంపేస్తారు. మరి నొప్పికి ఏం చేయాలో చాలాచోట్ల ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. రాత్రంతా మోకాలు సలుపుతుంటే మనిషి ఏదో ఒక దారి వెతుక్కుంటాడు. కాబట్టి 'మానేయండి' అని ఊరుకోకండి. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్పించండి. మూడు నెలలు వదలకుండా చేస్తే తేడా ఆయనకే తెలుస్తుంది. పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో డాక్టరునే అడగండి, అదీ రోజూ ఎక్కువగా వాడితే ఐఎన్ఆర్ పెంచుతుంది. బీపీ మాత్ర మూత్రం పోయించే రకమైతే పొద్దున పూటకు మార్చవచ్చేమో కనుక్కోండి. మధ్యాహ్నం కునుకు, సాయంత్రం కాఫీ మానిపించండి. బాత్రూము దారిలో రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. బిళ్ల ఆపిన తర్వాత ఓ వారం పది రోజులు చిరాకు, నిద్రలేమి ఉంటాయి, టెన్షన్ పడొద్దు.

ఇక కేసు సంగతి. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్డీపీఎస్) ప్రకారం ఆ బిళ్లలు ఇక్కడికి తేవడం, దగ్గర పెట్టుకోవడం, తినడం అన్నీ నేరమే. కాలిఫోర్నియా రసీదు ఇక్కడ పనికిరాదు. మళ్లీ ఒక్క డబ్బా కూడా పంపొద్దని, ఎవరి సామానులోనూ పెట్టొద్దని అబ్బాయికి మీరే ఫోన్ చేసి గట్టిగా చెప్పండి. కానీ డాక్టరుకు చెప్పడమంటే పోలీసుకు చెప్పడం కాదు. అలవాటు పడిన మనిషి, కొద్ది మొత్తం తాలూకు కేసైతే, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు వెళితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపుకు అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మానడం కష్టమైతే రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి, లేదా మత్తు అలవాటు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి.

ఆ డబ్బా ఇప్పుడు ఎక్కడుంది? చూడడానికి పిల్లల జెల్లీ చాక్లెట్లలాగే ఉంటాయవి. మనవలు వచ్చిపోయే ఇల్లయితే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు దాన్ని అక్కడి నుంచి తీసేయండి.

ప్రశ్న: అమ్మ కీళ్ల నొప్పులకు ఆన్‌లైన్‌లో 'విజయ' నూనె చూశాం. నోట్లో చుక్కలు వేసుకోవాలట. కొనొచ్చా?
- పలమనేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: విజయ అంటే గంజాయి మొక్కే. చట్టం గంజాయి అనేది పూత, కాయలున్న కొసల్ని. విడిగా ఆకు అందులోకి రాదు, అందుకే ఆయుర్వేదంలో ఆకుతో చేసిన మందులకు లైసెన్సు ఇస్తారు. అవి కూడా వైద్యుడి పర్యవేక్షణలో వాడాల్సినవే. మగత, తూలడం, వేరే మాత్రలతో పేచీ వీటికీ ఉంటాయి. అమ్మ ఏయే మాత్రలు వాడుతున్నారో మీరు రాయలేదు. ఆ మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించేదాకా ఆర్డరు పెట్టకండి.